పైడయ్య తలలో మంచం

అసిరమ్మ చీరకొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం ఒకటి తీసి బల్లమీద పెట్టింది. డాక్టర్ లెంక సౌదామిని దాన్ని విప్పి చూసేసరికి అడుగున ఉన్నది తన సంతకమే.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందటి సంతకం. బెంగుళూరు నుంచి బంగారు పతకం పట్టుకుని వచ్చిన కొత్తలో చివరి అక్షరానికి పొడుగాటి తోక తగిలించేది. ఆ తోకకు పైన టైపు చేసిన నాలుగు ముక్కలు ఉన్నాయి. ‘రొంగలి పైడయ్య, వయసు ఇరవై ఆరు. బుద్ధిబలం పుట్టుకతోనే తక్కువ. కొత్త పని నేర్చుకోలేడు. బరువు పనులకు సరిపోతాడు.’

"ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగింది సౌదామిని.

"ఫేట్రీవోలు పంపినారమ్మా. మా ఆయనకి సేతులు వణుకుతన్నాయి, అడుగు ముందుకి పడదు, మొకంలో నవ్వు నేదు ఏడుపు నేదు. కొలిమి పొగవల్లే ఇలగయిపోనాడని మేమందరం కోరటుకెల్నాం. దానికి ఆలేటన్నారంటే, ఈ మనిసి మొదట్నించీ ఇంతే, పుట్టు మొద్దు, పెద్ద డాట్రు అప్పుడే రాసిచ్చింది సూసుకోండన్నారు. నువ్వు తలకాయ డాట్రువని సెప్తే ఒచ్చినాను. ఆ రాసినావిడెవులో కనుక్కుని నాలుగు సివాట్లు పెట్టమ్మా."

అసిరమ్మకు చదువు రాదు. అందుకని ఆ రాసినావిడతోనే ఆ మాట చెబుతున్నానని ఆమెకు తెలియదు.

సౌదామిని అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. నీళ్ళు నమిలి, "ఎల్లుండి మీ ఊరొస్తాను, మీ ఆయన్ని చూస్తాను" అని మాత్రం అంది. అది పిరికితనం, దానికి ఇంకో పేరు పెట్టక్కర్లేదు.

మనిషి మెదడుకు దెబ్బ తగిలితే జ్ఞాపకం ఎంత పోయింది, ఆలోచన ఎంత మిగిలింది, చేతికీ తలకీ మధ్య ఎక్కడ తెగింది అని తేల్చే వృత్తి ఆమెది. విజయనగరంలో, ఒక టిఫిన్ హోటల్ మేడమీద, మూడు గదుల క్లినిక్. పేదవాళ్ళకు మెదడు ఆరోగ్యం కూడా ఒక హక్కేనని ఊరూరా తిరిగి చెప్పే మనిషి. సన్మానాలు జరిగినప్పుడు కప్పిన శాలువలు బీరువా నిండా ఉన్నాయి. ఆ రోజు బీరువా వైపు చూడటానికి మనసొప్పలేదు.

ఆ పరీక్ష జరిగిన రోజు ఆమెకు బాగా గుర్తుంది. కరకవలసలో మాంగనీసు కరిగించే ఫ్యాక్టరీ అప్పుడే పెట్టారు. పనిలో చేరబోయే నలభై ఒక్క మందిని వరసగా ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి, ఒకటిన్నర రోజులో అందరి బుద్ధీ కొలిచి పెట్టమన్నారు. కొత్త ఉత్సాహం కదా, కొలిచి పెట్టింది. ఒక్కొక్కరి చేతికి పెన్సిలు ఇచ్చింది. గడియారం బొమ్మ వెయ్యమంది. వందలోంచి ఏడు చొప్పున తీసుకుంటూ పొమ్మంది. తేదీ అడిగింది.

పైడయ్య పెన్సిలును ఉలి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గుండ్రంగా గీసి చుట్టూ కిరణాలు పెట్టాడు. పొద్దు చూసి పనికి వెళ్ళే మనిషి గడియారమంటే మరేం గీస్తాడు? సున్నా. తేదీ ఎంతంటే, "బేస్తవారం, సంతరోజు" అన్నాడు. అది నిజంగా బేస్తవారమే, నిజంగా సంతరోజే. అయినా సున్నా. ఆ పరీక్షను పట్నంలో కాలేజీ పిల్లల మీద తూచి తయారు చేశారు. అది నిజానికి లెక్కపెట్టింది మనిషి బడిలో గడిపిన ఏళ్ళను. ఆ సంగతి సౌదామినికి ఆ తరువాత పదేళ్ళకు అర్థమైంది. ఆ విషయం మీద ఉపన్యాసాలు కూడా ఇచ్చింది. కానీ తను అప్పటికే రాసేసిన కాగితాలు ఎక్కడున్నాయో, ఏం చేస్తున్నాయో వెతకాలని ఒక్కసారీ తోచలేదు.

ఇప్పుడు వెతికింది. నలభై ఒక్క మందిలో ముప్పై ఎనిమిది మందికి ఒకే మాట రాసింది. నాలుగు అక్షరాలు వచ్చిన ముగ్గుర్ని క్రేను నడపడానికి అద్దాల గదిలోకి పంపారు. కొత్త పని నేర్చుకోలేరని డాక్టరమ్మ రాసిచ్చిన ముప్పై ఎనిమిది మందినీ కొలిమి నోటి దగ్గర, పొగ ముఖం మీద కొట్టేచోట, ఇరవై ఒక్క ఏళ్ళు నిలబెట్టారు. అద్దాల గదిలోని ముగ్గురూ ఇవాళ్టికీ రాయిలా ఉన్నారు. ముప్పై ఎనిమిది మందిలో ఆరుగురు పోయారు. మిగిలినవాళ్ళు పైడయ్యలాగే ఉన్నారు.

అంటే పొగను పెట్టింది ఫ్యాక్టరీయే కానీ ఎవరు పీల్చాలో నిర్ణయించింది ఆమె కాగితం.

*

"మేడం, పాత సంగతి రుజువు చెయ్యడం ఎలాగండీ? అప్పుడతని బుద్ధి బాగుండేదని ఇప్పుడెవరు చెబుతారు?" అన్నాడు నజీర్.

నజీర్ ఆ క్లినిక్‌లో వెనకగది ఇంజనీరు. మూడేళ్ళుగా ఆ గదిలో అతను తయారు చేస్తున్నది, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళ కోసం. చేయి కదలడానికి ఒక క్షణం ముందు మెదడు ఆ పనిని లోపల ఒకసారి చేసి చూసుకుంటుంది. ఆ లోపలి పనిని పట్టుకుని తెరమీద బొమ్మ కట్టే యంత్రం అది. మొదట గట్టి టోపీలా చేశాడు. పెట్టుకున్నవాళ్ళు తల నొప్పంటూ విసిరికొట్టారు. చివరికి వాళ్ళమ్మ మెత్తని నూలుగుడ్డలో వెండితీగలు అల్లి కుట్టిపెట్టింది. తలకు చుట్టుకుంటే సరిపోతుంది. అప్పట్నించీ దాని పేరు తలపాగా. పేటెంటు కాగితాల్లో మూరెడు పేరుంది కానీ దాన్ని నజీర్ కూడా పలకలేడు.

సౌదామిని ఆ తలపాగా తీసి నజీర్ తలకే చుట్టింది. "చేతులు జేబుల్లో పెట్టుకో. కాగితం పడవ చెయ్యి."

"చేతులు జేబులో పెట్టుకుని ఎలా చేస్తానండీ?"

"తలలో చెయ్యి."

నజీర్ కళ్ళు మూసుకున్నాడు. తెరమీద ఒక చదరం కనిపించింది. అది మడత పడింది, ఇంకో మడత పడింది, కొసలు విచ్చుకున్నాయి, పడవ తేలింది.

"చెయ్యి కదల్లేదు, పడవ తయారైంది" అంది సౌదామిని. "పైడయ్య చెయ్యి చెడింది. మాంగనీసు పొగ ముక్కులోంచి ఎక్కి, మెదడు నడిమధ్య చేతికి ఆజ్ఞలు దాటించే చోట పేరుకుంటుంది. ఆజ్ఞ పుట్టేచోటు మాత్రం బాగానే ఉండొచ్చు. అతనికి ఒకప్పుడు బాగా వచ్చిన పని ఏదైనా ఉంటే, అది లోపల చెక్కుచెదరకుండా ఉంటుంది. పుట్టుకతో రానిదైతే ఎక్కణ్ణుంచి వస్తుంది?"

నజీర్ కళ్ళు తెరిచి పడవ వైపు చూశాడు. "లోపలున్నదానికీ చెయ్యి చేసేదానికీ మధ్య ఎంత తేడా ఉంటే, అంత పొగ చేసిన గాయం అన్నమాట" అన్నాడు నెమ్మదిగా.

*

కరకవలసలో పైడయ్య ఇంటి గోడకు సగం అల్లిన నులక మంచం ఒకటి చేరగిలబడి ఉంది. ఏడేళ్ళుగా అలాగే ఉందని అసిరమ్మ చెప్పింది.

"సుట్టుపక్కల ఏడూళ్ళకీ ఈ మనిసే అల్లీవోడమ్మా. డూటీ నుంచొచ్చి సరదాకి అల్లీవోడు. ఈ మనిసి అల్లిన మంచం మీద రూపాయి బిళ్ళ ఏస్తే ఎగిరి సేతిలోకొచ్చీది. ఇప్పుడు నులక పట్టుకుంటే సాలు, గడగడ వణికిపోతాడు."

పైడయ్య గడపలో నిలబడి ఉన్నాడు. నలభై ఏడేళ్ళ మనిషి డెబ్భై ఏళ్ళవాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు. రెప్ప వెయ్యడం కూడా ఎవరో గుర్తు చేస్తే వేసినట్టు వేస్తున్నాడు. సౌదామిని అతని కళ్ళలోకి చూసింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"అసిరమ్మా, ఆ కాగితం రాసింది నేనే. తప్పు రాశాను. పైడయ్య గారూ, మిమ్మల్ని కొలవడం నాకు చేతకాలేదు. చేతకాలేదని నాకు తెలియలేదు కూడా."

బియ్యం చెరుగుతున్న అసిరమ్మ చేతిలో చాట ఆగిపోయింది. తరువాత చాట పక్కన పెట్టి లేచింది. "కోరటులో మొద్దన్నారంటే ఏడ్సి ఊరుకున్నానమ్మా. ఊర్లోవోలన్నారంటే ఊరుకున్నాను. ఇరవయ్యేళ్ళు ఈ మనిసి నాను మొద్దునే, నాను మొద్దునేనని అనుకుంటా బతికినాడు. నా కొడుకులకి పాఠం సెప్పడానికి కూడా బయపడినాడు. లెగమ్మా. ముందు మా గుమ్మం దిగు."

సౌదామిని లేచింది. పైడయ్య పెదవులు కదిలాయి. మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

"పెన్సిలు... ఇచ్చినావు. నువ్వేనేటి?"

"నేనేనండీ."

అతని ముఖం చూసి కోపమో బాధో పోల్చుకుందామంటే, పొగ ఆ ముఖాన్ని కూడా తీసేసుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు ఉదయం మొదటి బస్సుకు ఇద్దరూ దిగారు. టిఫిన్ హోటల్ పక్కనున్న మెట్లు ఎక్కడానికి పైడయ్యకు పావుగంట పట్టింది. చెయ్యి అందించబోతే అసిరమ్మ సౌదామినిని కంటితోనే ఆపేసింది.

పైకి వచ్చాక పైడయ్య అన్నాడు, "నాను మొద్దునా కాదా... నాకు తెల్వాల. కోరటుకి కాదు. నాకు."

"నీ మీద కోపం పోనేదు డాట్రమ్మా" అంది అసిరమ్మ. "అది ఉంటాది. నువ్వు పని కానీ."

*

పదకొండు రోజులు పైడయ్య తలపాగా చుట్టుకుని, కళ్ళు మూసుకుని, మనసులోనే మంచం అల్లాడు. ఒక్కో నులక పేట అల్లినప్పుడల్లా నోటితో చెప్పేవాడు. పై, పై, కింద, కింద. ఆ మాటకూ ఆ క్షణాన తలలో వెలిగిన మెరుపుకూ నజీర్ యంత్రం లంకె వేసుకునేది. మధ్యాహ్నం అసిరమ్మ చద్ది విప్పి భర్తకు తినిపించేది. మూడో రోజునుంచి నజీర్‌కూ ఒక ముద్ద పెట్టింది. సౌదామినికి పెట్టలేదు.

పన్నెండో రోజున నజీర్, "ఇవాళ నోటితో చెప్పకండి" అన్నాడు. తెరమీద నాలుగు పట్టెలు కనిపించాయి. ఒక నులక పేట వచ్చి అడ్డంగా పడింది. దాని పక్కన ఇంకొకటి. తరువాత పేటలు గబగబా, ఎక్కడా తడబడకుండా, రెండు పైకీ రెండు కిందికీ దూరి అంచులు సర్దుకుంటూ పోయాయి. నడిమధ్య ఒక తామరపువ్వు కూడా విచ్చుకుంది. ఎవరూ వెయ్యమనని పువ్వు.

పైడయ్య కళ్ళు తెరిచి దాన్ని చూశాడు. ముఖం కదల్లేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు ధారగా కారాయి.

"ఉంది" అన్నాడు. "పోనేదు."

అసిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. ఆ మధ్యాహ్నం చద్దిమూట విప్పినప్పుడు సౌదామినికి కూడా ఒక ముద్ద పెట్టింది. చూడకుండానే పెట్టింది, కానీ పెట్టింది.

ఆ వారంలోనే ఫ్యాక్టరీ నుంచి ఒక పెద్దమనిషి నజీర్‌ను కలిశాడు. తలపాగా తామే కొంటామన్నాడు. ఏటా పనివాళ్ళందరికీ చుట్టి చూస్తాం, గాయం మొదలైనవాణ్ణి ముదరకముందే కనిపెడతాం అన్నాడు. నజీర్ పొంగిపోతూ వచ్చాడు. "ముందే కనిపెడితే మంచిదేగా మేడం! మనం చేసింది వెయ్యిమందికి పనికొస్తుంది."

"కనిపెట్టాక ఏం చేస్తారట?"

"ఇంటికి పంపించేస్తారట. కొత్తవాళ్ళను..." అంటూ నజీర్ అక్కడే ఆగిపోయాడు.

"కొలిమి అలాగే ఉంటుంది, మనుషులు మారుతుంటారు" అంది సౌదామిని. "ఒకసారి నా చేతి కాగితం వాళ్ళ చేతిలో పడితే ఏమయిందో చూశావుగా. నేనూ అప్పుడు మంచిపనే చేస్తున్నాననుకున్నాను."

నజీర్ ఆ సాయంత్రమే ఫోను చేసి, అమ్మేది లేదని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

*

విశాఖపట్నంలో అసిరమ్మ కోరటంటున్న వృత్తివ్యాధుల ట్రిబ్యునల్ హాలు ఆ రోజు కిక్కిరిసిపోయింది. కరకవలస నుంచి రెండు వ్యానుల్లో వచ్చిన మనుషులు గోడల వెంట నిలబడ్డారు. వాళ్ళ తరఫున సాక్షి సౌదామిని. ఫ్యాక్టరీ తరఫు లాయరు చక్రధరరావు సన్నగా నవ్వుతూ ముప్పై ఎనిమిది కాగితాల కట్ట పైకెత్తాడు.

"డాక్టరుగారూ, ఈ సంతకాలు మీవేనా?"

"నావే."

"అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా?"

"అప్పుడు తప్పు రాశాను. ఇప్పుడు నిజం చెబుతున్నాను."

"ఇవి తప్పయితే, ఈ ఇరవై ఏళ్ళలో మీరు రాసిన మిగతా ఆరువేల రిపోర్టుల గతేమిటి?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. రాత్రింబవళ్ళు దీని గురించే ఆలోచించింది. ఇన్నేళ్ళు కట్టుకున్న పేరంతా తను చెప్పబోయే ఒక్క మాటతో పోతుంది.

"బడి ముఖం చూడనివాళ్ళకు నేను మొదట్లో రాసినవి ఒక్కటీ నమ్మడానికి వీల్లేదు. అన్నీ మళ్ళీ చూస్తాను. నా లైసెన్సు ఉన్నా సరే, లేకపోయినా సరే." ఆమె గోడల వెంట నిలబడ్డవాళ్ళ వైపు చూసింది. "ఇంకో మాట. ఒకవేళ వీళ్ళు నిజంగానే మందబుద్ధులైనా, పొగలో నిలబెట్టడానికి అది అనుమతి అవుతుందా? నేను రాసింది నిజమైనా, మీరు చేసింది నేరమే."

హాల్లో చప్పట్లు మోగాయి. అధ్యక్షురాలు జస్టిస్ కమలాక్షి బల్లమీద చేత్తో తట్టి అందరినీ ఊరుకోబెట్టింది. యాభై దాటిన మనిషి, నవ్వదు, కళ్ళజోడు పైనుంచి చూస్తుంది.

చక్రధరరావు తగ్గలేదు. "మీరు రుజువుగా చూపించిన ఆ తెరమీది మంచం బొమ్మ ముందే ఎక్కించి పెట్టుకున్నారు. సినిమా చూపిస్తున్నారు, అంతే."

"ఎలా చూపిస్తే మీకు నమ్మకం?" అని అడిగింది జస్టిస్ కమలాక్షి.

అతను దానికోసమే సిద్ధమై వచ్చాడు. మంచం తను తెస్తానన్నాడు. అల్లే మనిషిని కూడా తనే పిలిపిస్తానన్నాడు. అల్లేవాడు ఇంకో గదిలో, తెరను చూసి మాత్రమే అల్లాలి. మంచం పైడయ్యకు కెమెరాలో కనిపించాలి, అంతే. ఒప్పుకున్నారు. మర్నాడు పదిన్నరకు మంచం వచ్చింది. చూడగానే అసిరమ్మ ముక్కున వేలేసుకుంది. ఒకవైపు పట్టె జానెడు పొట్టిగా ఉంది. ప్రపంచంలో ఎవరూ అలాంటి మంచం అల్లి ఉండరు. ముందుగా ఎక్కించిన బొమ్మ ఏదైనా ఉంటే దానికి అది సరిపోయే ప్రసక్తే లేదు.

"అది అయ్యే పని కాదు మేడం" అని నజీర్ గొణిగాడు. "అతనికి వచ్చిన పని వేరు, ఇది వేరు. తలలో ఉన్నదాన్ని చూపించగలం కానీ..."

"కొత్త పని నేర్చుకోలేడని కదా నేను రాసింది" అంది సౌదామిని. "తేలనీ."

పైడయ్య మాత్రం కదల్లేదు. తలపాగా చుట్టబోతున్న ఆమె మణికట్టును వణికే వేళ్ళతో పట్టుకున్నాడు. ఎదురుగా అంతమంది. ఆ చేతులు అంతమందిలో అలా ఊగిపోవడం అతనికి చావులా ఉంది.

"సేతులు... దాసీ" అన్నాడు.

సౌదామిని తన భుజం మీది శాలువ తీసి అతని రెండు చేతులమీదా కప్పింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

లాయరు పలాస వైపునుంచి పిలిపించిన మంచాలల్లే గున్నయ్య పక్కగదిలో నులక చేతపట్టి తెర ముందు కూర్చున్నాడు. చాలాసేపు తెర ఖాళీగా ఉంది. చక్రధరరావు గడియారం చూసుకున్నాడు. ఒక పేట వచ్చి చెరిగిపోయింది. ఇంకొకటి వచ్చి, కొంచెం వంకరగా తిరిగి, అదీ చెరిగిపోయింది. పైడయ్య లోపల ప్రయత్నిస్తున్నాడు, పనికిరానిదాన్ని పారేస్తున్నాడు. హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఒక మనిషి ఆలోచించడం కళ్ళారా కనిపించింది. మూడోసారి వచ్చిన పేట నిలబడింది.

గున్నయ్య అల్లడం మొదలుపెట్టాడు. పేట తరువాత పేట తెరమీద పడుతోంది, పక్కగదిలో నులక బిగుసుకుంటోంది. గంట గడిచింది. పొట్టి పట్టె దగ్గరికి వచ్చేసరికి మూల వదులైపోవడం మొదలైంది. గున్నయ్య నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఇంకో మూడు పేటలు వేశాడు. మూల మరీ జారిపోయింది. చక్రధరరావు లేచి నిలబడి, "అధ్యక్షా, ఇక చాలనుకుంటాను" అన్నాడు.

తప్పు తన తలపాగాదా? తనదా? మళ్ళీ తనే వీళ్ళను నలుగురిలో నిలబెట్టి పరువు తీసిందా అనుకుంది సౌదామిని.

అప్పుడు పైడయ్య కళ్ళు తెరిచి, కెమెరాలో కనిపిస్తున్న మంచాన్ని చూశాడు.

"కాదు" అన్నాడు. అతను అంత గట్టిగా మాట్లాడి ఏళ్ళయింది. "నాను అలగ సెప్పనేదు. మూడో పేట వదిలీమన్నాను. ఆడు వదల్నేదు. పలాస వైపువోలు వదలరు... మాకు తెల్సు. ఇప్పీ. అక్కడిదాకా ఇప్పీ."

జస్టిస్ కమలాక్షి చెయ్యెత్తి లాయర్ని కూర్చోమంది. తెరను వెనక్కి తిప్పించి చూసింది. నిజమే. పొట్టి పట్టె వైపు ప్రతి మూడో పేటను వదిలేసి వెనక్కి తిప్పమని తెర చెప్పింది. గున్నయ్య చేతులు మాత్రం తమ ఊరి అలవాటు చొప్పున దాన్నీ కలిపి బిగించేశాయి. గున్నయ్యే ఒప్పుకున్నాడు. "అవునమ్మా, నాకిది తిక్కలా అనిపించి నా సొంత పద్ధతిలో ఏసీసినాను. ముప్పై ఏళ్ళ నుంచీ అల్లతన్నాను, ఇలగ మూడోది వదిలీడం నాను ఎక్కడా సూడ్నేదు."

"ఇప్పుడు అతను చెప్పినట్టు వెయ్యండి" అంది జస్టిస్ కమలాక్షి.

గున్నయ్య తొమ్మిది పేటలు విప్పాడు. మూడో పేట వదిలాడు, వెనక్కి తిప్పాడు. మళ్ళీ మూడోది వదిలాడు. మూల కొంచెం కొంచెంగా దగ్గరపడింది. చివరి పేట దూర్చి బిగించి లాగేసరికి మంచమంతా ఒక్కసారి టంగుమని మోగింది. పక్కగదిలోంచి గున్నయ్య కేక వినిపించింది.

"ఓరి దేవుడో! మూల మూసుకుపోనాది! ఈ మనిసికి దండవెట్టాల!"

మంచాన్ని హాల్లోకి మోసుకొచ్చారు. జస్టిస్ కమలాక్షి కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి వచ్చి, నల్లకోటుతోనే ఆ మంచం మీద కూర్చుంది. అటూ ఇటూ ఒత్తి చూసింది. పొట్టి మూల మీదికి జరిగి మరీ కూర్చుంది. మంచం కిర్రుమనలేదు.

"చక్రధరరావుగారూ, మీ సందేహం ఇంకా ఏమైనా ఉందా?" అంది.

కరకవలస మనుషులు కేకలు వేశారు, ఈలలు వేశారు. ఈసారి ఆమె బల్ల దగ్గర లేదు కాబట్టి తట్టి ఆపేవాళ్ళు లేరు. అసిరమ్మ భర్త తలకున్న తలపాగా సర్ది, అతని చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. ఆ తరువాత చెయ్యి చాచి సౌదామిని చెయ్యి కూడా పట్టుకుని లాగింది. సౌదామిని ఏడ్చింది. యాభై ఏళ్ళ డాక్టరమ్మ, లాయర్ల ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

*

తీర్పు నెల తిరక్కుండా వచ్చింది. ముప్పై ఎనిమిది కాగితాలూ చెల్లవన్నారు. పీల్చిన పొగా ఒకటే, లక్షణాలూ ఒకటే కాబట్టి వీళ్ళందరికీ వచ్చింది పొగ తెచ్చిన జబ్బేనన్నారు. బతికినంతకాలం వైద్యం ఫ్యాక్టరీ బాధ్యత. కొలిమి నోళ్ళకు మూతలు బిగించి, మనుషుల్ని అద్దం వెనక్కి మార్చేదాకా ఒక్క కొలిమీ వెలగకూడదు. తలపాగా చదివింది ఎవరి తలనో అది వాళ్ళ సొత్తు, వాళ్ళు చెప్పనిదే ఎవరికీ ఇవ్వకూడదు. పోయిన ఆరుగురి తలలు చదివే అవకాశం లేకపోయినా, వాళ్ళ మీద వేసిన మచ్చకు ఆధారం లేదని రాసి వాళ్ళ ఇళ్ళలోనూ ఇవ్వాలి. ఆఖరు వాక్యం సౌదామినికి. ప్రతి ఒక్కరికీ కొత్త రిపోర్టు తెలుగులో రాసి, వాళ్ళ ఇంటిముందు, వాళ్ళవాళ్ళు వింటూండగా చదివి మరీ ఇవ్వాలి. వృత్తి మండలి కూడా ఆమెను పిలిచి గట్టిగా మందలించింది. ఆరువేల రిపోర్టులూ తిరగెయ్యమంది. లైసెన్సు మాత్రం తియ్యలేదు. తిరగెయ్యడానికి ఎలాగూ ఆమే కావాలి.

పైడయ్య చేతులు మళ్ళీ మునుపటిలా కావు. ఆ సంగతి అతనికి ఆమె దాచకుండా చెప్పింది. అతను విని, "తల ఉంది గదా" అన్నాడు. ఇప్పుడు సాయంత్రాలు అతను అరుగుమీద కూర్చుని చెబుతుంటే ఇద్దరు కొడుకులూ మంచాలు అల్లుతున్నారు. తప్పు వేస్తే విప్పిస్తున్నాడు, ఏ మాత్రం జాలి లేకుండా.

ఫ్యాక్టరీ పొగగొట్టాలు చల్లబడిన ఒక ఆదివారం ఉదయం సౌదామిని కరకవలస వచ్చింది. పైడయ్య గడపలో నిలబడ్డాడు. పక్కన అసిరమ్మ, కొడుకులు. సౌదామిని కాగితం విప్పి చదివింది.

‘రొంగలి పైడయ్య, వయసు నలభై ఏడు. పుట్టుకతో ఆరోగ్యమైన మెదడు. మునుపెన్నడూ చూడని సమస్యను తలలోనే విప్పగల తెలివి. తన పనిలో ఇతను పండితుడు. ఇతని చేతులకూ నడకకూ వచ్చిన కష్టం కొలిమి పొగవల్ల వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఇతని గురించి ఈ డాక్టరు రాసినది తప్పు.’

అసిరమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "మల్లీ సదువమ్మా. గట్టిగా సదువు. వీదిలోవోలకి ఇనపడాల."

సౌదామిని గట్టిగా చదివింది. వీధిలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. మూడోసారి చదివేసరికి ఒకప్పుడు పైడయ్యను మొద్దని పిలిచిన ఫోర్మన్ ఇంటి తలుపు కూడా తెరుచుకుంది. అసిరమ్మ అటు చెయ్యి చూపించి, "ఇటు తిరిగి సదువు" అంది. అటు తిరిగి చదివింది. ఏడుసార్లు చదివాక గొంతు బొంగురుపోయింది. పైడయ్య ఆ కాగితాన్ని రెండు వణికే చేతులతో అందుకుని, ఎవరి సాయమూ లేకుండా నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. దానికి చాలాసేపు పట్టింది. వీధంతా ఓపిగ్గా నిలబడి చూసింది.

సౌదామిని కాసిని మంచినీళ్ళు అడిగి తాగింది. సంచీలోంచి రెండో కాగితం తీసింది. ఇంకా ముప్పై ఏడు ఇళ్ళున్నాయి.